కల్నల్ దాచుకున్న చలికాలం

బహ్రెయిన్ వెళ్ళొచ్చానంటే మా కోరుట్లలో ఎవరూ ఆశ్చర్యపోలేదు. మా వైపు ఇంటికొకరు గల్ఫ్‌లో ఉంటారు. ఏ దేశమైనా మావాళ్ళకు దుబాయే. "సారు గూడ దుబాయి పోయొచ్చిండట" అని నవ్వుకున్నారు, అంతే. అరవై మూడేళ్ళ రిటైర్డ్ సోషల్ టీచర్ అక్కడికి ఏ పని మీద వెళ్ళాడని అడిగినవాళ్ళకు మాత్రం జవాబు చెప్పడం కష్టమైంది. ఎప్పుడో చనిపోయిన ఒక అమెరికన్ రాసుకున్న నోటుపుస్తకం చదవడానికి వెళ్ళాను. వారం రోజులున్నాను. ఆ వారంలో నేను భయపడని పూట లేదు. వెళ్ళనివాళ్ళ కోసం రాస్తున్నాను గనుక అక్కడి రొట్టె గురించీ చాయ్ గురించీ చెబుతాను గానీ, ఈ ప్రయాణంలో ఎక్కువ భాగం భయమేనని ముందే ఒప్పుకుంటున్నాను.

ఆ అమెరికన్ పేరు ఎజ్రా హాల్‌బ్రూక్. చరిత్ర పుస్తకాల్లో కనిపించడు. రైతు కొడుకుగా పుట్టి, వాళ్ళ అంతర్యుద్ధంలో సైనికుడై, కల్నల్ దాకా ఎదిగి, ఆ తరువాత వకీలై, చివరికి తన రాష్ట్ర శాసనసభలో కూర్చున్న మనిషి. ముసలితనంలో ఆయన సొంత ఖర్చుతో అచ్చు వేసుకున్న ఆత్మకథ నిజామాబాద్‌లో పాత పుస్తకాల బండి మీద, అట్ట ఊడిపోయి, నాకు దొరికింది. తొమ్మిదేళ్ళుగా దాన్ని తెలుగులోకి తెస్తున్నాను. నేను పుట్టు పిరికిని. ఇన్‌స్పెక్షన్‌కు డీఈవో వస్తున్నాడంటే ముందురోజే జ్వరం తెచ్చుకున్నవాణ్ణి. అలాంటివాడికి రోజుకో గంట కల్నల్‌తో గడపడం బలం మందు తాగినట్టుండేది.

ఆ పుస్తకంలో ఒక్కచోట మాత్రం నా కలం ఆగిపోయేది. యుద్ధం గురించి ప్రతి నడకా ప్రతి బురదా రాసిన మనిషి, ఒక చలికాలాన్ని మొత్తం ఒక్క వాక్యంతో దాటేశాడు. ఆ చలికాలంలో చెప్పుకోదగినదేమీ జరగలేదు, అని. మా అమ్మాయి ఇంటర్నెట్‌లో వెతికి వెతికి ఆయన ముని మనవరాలిని పట్టుకుంది. ఆమె పేరు మార్తా. వయసులో ఉండగా టీచరుగా బహ్రెయిన్ వచ్చి, అక్కడి మనిషిని పెళ్ళాడి, అక్కడే ఉండిపోయింది. ఆ చలికాలం నాటి నోటుపుస్తకం తన దగ్గరుందని రాసింది. ఫొటోలు తీసి పంపమని బతిమాలాను. పంపను, వచ్చి చదువుకోండి అంది. ఎందుకో చెప్పలేదు.

ముహర్రక్

విమానాశ్రయం ఉన్నది ముహర్రక్ అనే దీవిలో. దిగేముందు కిటికీలోంచి చూస్తే సముద్రం మీద మట్టిరంగు ముక్క తేలుతున్నట్టుంది. ఇంత చిన్న నేల మీద ఇంత పెద్ద విమానం ఎలా ఆగుతుందని నా మొదటి భయం. ఆగింది.

రెండో భయం ఇమిగ్రేషన్ దగ్గర. నల్ల హిజాబ్ వేసుకున్న అమ్మాయి, నా కూతురి వయసుండొచ్చు, ఏ పని మీద వచ్చారని అడిగింది. ఇంట్లో అద్దం ముందు ఇరవైసార్లు చెప్పుకున్న జవాబు గొంతులో అడ్డం పడింది. "చదవడానికి" అన్నాను. ఏ కాలేజీ అంది. కాలేజీ కాదు, ఒక పుస్తకం అన్నాను. ఆమె పాస్‌పోర్టు మీంచి తలెత్తి, మీ ఊళ్ళో పుస్తకాలు లేవా అని అడిగింది. వెనక క్యూలో ఎవరో నవ్వారు. నా బెదురు ఆమె పసిగట్టి ఉంటుంది. ముద్ర కొట్టి, మంచినీళ్ళు ఎక్కడ దొరుకుతాయో చూపించి పంపించింది.

ఏసీలోంచి బయటికి అడుగు పెట్టగానే కళ్ళద్దాలు పూర్తిగా మసకబారాయి. సెప్టెంబరు తడి వేడి అది. మా దగ్గర వడగాలికి గొంతెండుతుంది. అక్కడ ఒళ్ళంతా తడి గుడ్డ చుట్టినట్టుంటుంది. ఏమీ కనిపించక, సూటుకేసు రెండు చేతులా పట్టుకుని నిలబడిపోయాను. "సార్, నేను లింబాద్రిని" అన్న మాట వినబడితే గానీ ప్రాణం కుదుటపడలేదు.

లింబాద్రి నా దగ్గర పదో తరగతి దాకా చదివాడు. పద్నాలుగేళ్ళుగా అక్కడ భవనాల పనిలో ఉన్నాడు. మేస్త్రీగా వెళ్ళి ఫోర్‌మన్ అయ్యాడు. ఫోనులో ఎప్పుడూ గలగలా మాట్లాడే మనిషి, ఆ రోజు పికప్ నడుపుతూ దారి పొడవునా నాలుగు మాటలు కూడా మాట్లాడలేదు. నేను అలసట అనుకున్నాను.

సనాబిస్

లింబాద్రి ఇంకో ఇద్దరితో కలిసి సనాబిస్‌లో గది అద్దెకు తీసుకున్నాడు. ఒకతను సెలవు మీద ఊరికి వెళ్ళాడు గనుక అతని మంచం నాకు దక్కింది. రెండోవాడు సామ్యేలు, పాలకొల్లు వైపు మనిషి, ఒక ఆఫీసుకు డ్రైవరు. శుక్రవారం సెలవు రోజున అక్కడి తెలుగువాళ్ళంతా చేరే ప్రార్థన కూటంలో పాటలు పాడతాడట. నన్ను చూడగానే, "మేష్టారూ, మీరు ఫ్యాను కింద పడుకోండి, ఆ ఏసీ కింద పడుకుంటే పొద్దుటికి మెడ తిరగదండి" అని జాగ్రత్త చెప్పాడు.

మర్నాడు గురువారం. వాళ్ళిద్దరూ డ్యూటీకి వెళ్ళాక ఒక్కణ్ణే వీధిలోకి వెళ్ళే ధైర్యం రాక తొమ్మిదింటి దాకా తలుపు దగ్గరే తిరిగాను. చివరికి ఆకలి గెలిచింది. సందు మొదట్లో రొట్టెల భట్టీ ఉంది. చేటంత రొట్టెలు, నిప్పుల గోడకు కొట్టి, పొడుగాటి ఇనుప కడ్డీతో లాగుతున్నారు. వంద ఫిల్సు నాణెం ఇస్తే మూడు రొట్టెలు పాత పేపర్లో పెట్టి ఇచ్చాడు. మన లెక్కలో ఇరవై రూపాయల పైచిలుకు. మనం బియ్యం నెలకోసారి బస్తా తెచ్చుకుంటే వాళ్ళు రొట్టె పూటపూటకూ వేడిగా కొనుక్కుంటారు. నా ముందు నిలబడ్డ పెద్దాయన వరుసలో తన వంతు నాకిచ్చి, రొట్టెలో చీజు పెట్టుకుని చుట్టి తినాలని సైగలతో నేర్పించాడు. పక్కనే యాలకుల చాయ్. దాన్ని కరక్ అంటారు. చిక్కగా, ఇగిరిపోయిన పాయసంలా ఉంటుంది.

భయం కాస్త సడలిందనుకున్న సమయంలో సాయంత్రం లింబాద్రి వచ్చాడు. అన్నం ముందు కూర్చుని నాలుగు ముద్దలు కలిపి వదిలేశాడు. ఏమైందిరా అంటే, ఏం లేదు సార్, పని ఎక్కువైంది అన్నాడు. సామ్యేలు నావైపు చూసి, కళ్ళు దించుకున్నాడు.

సల్మాబాద్

శుక్రవారం లింబాద్రి నన్ను సల్మాబాద్ తీసుకెళ్ళాడు. ఎటు చూసినా గ్యారేజీలు, గోదాములు, వాటి మధ్య కూలీల క్యాంపులు. సెలవు కాబట్టి కంపెనీ బస్సులు వరుసగా నిలబడి ఉన్నాయి. అతని కింద పనిచేసేవాళ్ళలో మా జగిత్యాల, నిర్మల్ వైపువాళ్ళే ఎక్కువ. మూడంతస్తుల ఇనుప మంచాలున్న గదిలో నాకోసం కింది మంచం మీద కొత్త దుప్పటి పరిచారు. పచ్చిపులుసు, కోడికూర, అన్నం పెట్టారు. ఊళ్ళో వానలు పడ్డాయా, చెరువు నిండిందా అని అడిగారు. కిటికీ పక్క మంచం ఒకటి ఖాళీగా ఉంటే, అక్కడ ఎవరుంటారని అడిగాను. సాయన్న అని, దవాఖానలో ఉన్నాడని చెప్పి ఇంకేదో మాటలోకి దిగారు.

భోజనం అయ్యాక, నేను ఏ పని మీద వచ్చానో చెప్పమన్నారు. తరగతి దొరికితే టీచరు ఆగలేడు. కల్నల్ కథ మొదలుపెట్టాను. పొలం దున్నే కుర్రవాడు పటాలంలో చేరడం, రెండు వేళ్ళు పోగొట్టుకోవడం, ఆసుపత్రి మంచం మీద పడుకునే న్యాయశాస్త్రం చదవడం చెప్పాను. వకీలయ్యాక ఊళ్ళో ఎవరూ ముట్టుకోని కేసులన్నీ ఆయనే పట్టేవాడు. గుర్రం దొంగలు, ఇంటి పనివాళ్ళు, బానిసత్వం నుంచి అప్పుడే బయటపడ్డ నల్లవాళ్ళు, వీళ్ళే ఆయన కక్షిదారులు. శాసనసభకు గెలిచి, మరణశిక్ష తీసెయ్యాలని నిండు సభలో గంటసేపు మాట్లాడాడు. సొంత పార్టీవాళ్ళే వెక్కిరించారు. ఆ తరువాతి ఎన్నికల్లో ఓడిపోయాడు. ఒక్క మాట వెనక్కు తీసుకోలేదు.

"నిజం చెప్పడానికి ఆయన బతుకులో ఒక్కసారి కూడా భయపడలేదు" అన్నాను.

తలుపు దగ్గర నిలబడి వింటున్న లింబాద్రి బయటికి వెళ్ళిపోయాడు. కాసేపటికి నేనూ లేచి వెళ్ళాను. ఒక గ్యారేజీ గోడ నీడలో గొంతుక్కూర్చుని ఉన్నాడు. పక్కన కూర్చుంటే చెప్పాడు.

పదహారు రోజుల కింద, కడుతున్న భవనంలో సాయన్న రెండో అంతస్తు నుంచి పడిపోయాడు. ఎత్తులో పనిచేసేవాళ్ళు నడుముకు బెల్టు కట్టుకుని, దాని కొక్కేన్ని ఒక తాడుకు తగిలించుకోవాలి. ఆ రోజు ఆ తాడు భవనానికి అటు పక్క పనిలో ఉంది. తెప్పించాలంటే అరగంట. కాంక్రీటు బండి వచ్చి ఆగి ఉంది.

"సాయన్న 'అన్నా, తాడు లేదు' అన్నడు సార్. 'ఐదు నిమిషాల పనే, ఎక్కు, యల్లా, జల్ది' అన్న. మల్ల అడిగిండు. మల్ల అదే అన్న. మొదలు కంపెనోళ్ళు నన్ను అడిగినప్పుడు, నేను చూడలేదు, వాడే బెల్టు మరిచిండు అని చెప్పిన. భయమైంది."

తుంటి విరిగింది, కాలు విరిగింది. ఒక ఆపరేషన్ అయింది, ఇంకొకటి చెయ్యాలి. ఇప్పుడు కంపెనీ అడుగుతున్నది ఒక్క సంతకం. కూలీ తన తప్పు వల్లే పడ్డాడని ఫోర్‌మన్ రాసివ్వాలి. ఆదివారం కల్లా. అలా రాసిస్తే కాలు కాస్త కుదురుకోగానే సాయన్నను ఊరికి పంపించేస్తారని అందరికీ తెలుసు. రెండో ఆపరేషన్ అతని ఖర్మ. నిజం రాస్తే పోలీసులొస్తారో, ఉద్యోగం పోతుందో, దేశం దాటకుండా పాస్‌పోర్టు మీద ఆంక్ష పెడతారో లింబాద్రికి తెలియదు. ఇద్దరు బిడ్డలు ఇంజనీరింగ్ చదువుతున్నారు.

"ఏం జెయ్యాలె సార్?" అని అడిగాడు.

పాతికమంది ముందు ఇప్పుడే ధైర్యం గురించి ఉపన్యాసం ఇచ్చి వచ్చినవాణ్ణి నేను. నా మనసులో కనిపించింది కల్నల్ కాదు, జైలు తలుపు. పరాయి దేశం, తెలియని భాష. ఇతనికేమైనా అయితే నన్ను కూడా పిలిచి అడుగుతారేమోనన్న ఆలోచన కూడా వచ్చింది, సిగ్గు విడిచి చెబుతున్నాను.

"సంతకం పెట్టెయ్‌రా. ఎవలు అడుగుతరు" అన్నాను.

అతను తల ఊపాడు. నావైపు చూడలేదు.

హమద్ టౌన్

శనివారం సామ్యేలు నన్ను తన కారులో హమద్ టౌన్ తీసుకెళ్ళాడు. బయలుదేరే ముందు స్టీరింగ్ మీద చెయ్యి పెట్టి చిన్న ప్రార్థన చేస్తాడు. దారిలో, "లింబాద్రి గారు ఈ మధ్య నిద్దరలో కేకలు పెడుతున్నారండి" అన్నాడు.

హమద్ టౌన్ ఒక పద్ధతిగా గీత గీసి కట్టిన ఊరు. ఇళ్ళన్నీ ఒక్క పోలికే. ఆనవాళ్ళు రోడ్డు మీది గుండ్రటి కూడళ్ళు. వాటికి పేర్లుండవు, అంకెలే. సామ్యేలు ఒకటి ఎక్కువ లెక్కపెట్టాడు. నేను ధీమాగా గంట కొట్టిన ఇంట్లోంచి ద్వారబంధానికి తల తగిలేంత ఎత్తు మనిషి, కాళ్ళ దాకా ఉండే తెల్లటి తోబ్ అంగీలో బయటికొచ్చాడు. క్షమించమని చెప్పడానికి నాకు ఏ భాషా రాలేదు. ఆయన లోపలికెళ్ళి ఒక పళ్ళెంలో ఖర్జూరాలూ నీళ్ళూ తెచ్చి, నేను తినేదాకా నిలబడి, తరువాత తన కారు తీసి మా ముందు నడుపుకుంటూ మార్తా ఇంటి దాకా దారి చూపించాడు. మా దగ్గర దారి తప్పినవాడికి చెయ్యి చాపి దారి చూపిస్తాం. అక్కడ వెంట వస్తారు.

మార్తాకు ఎనభై దగ్గరపడుతున్నాయి. అరబ్బు ఆడవాళ్ళలా పొడుగాటి గౌను, తల మీద చున్నీ, నీలి కళ్ళు. కొడుకూ కోడలితో ఉంటుంది. కోడలు చెవులు లేని చిన్న కప్పులో యాలకుల కాఫీ పోసింది. తాగి కప్పు కింద పెట్టాను, మళ్ళీ పోసింది. తాగాను, మళ్ళీ పోసింది. పోసింది వదిలేస్తే తప్పవుతుందని భయపడి ఏడు కప్పులు తాగాను. చాలు అనడానికి కప్పును అటూ ఇటూ ఊపాలట. మార్తా చెప్పేసరికి నా గుండె దడదడలాడుతోంది. అది కాఫీ వల్లో, బల్ల మీద గుడ్డలో చుట్టి పెట్టిన పుస్తకం వల్లో చెప్పలేను.

అరచేయంత పుస్తకం. పెన్సిలు రాత. ఆత్మకథలోని కల్నల్ భాష కాదు అది. చిన్న చిన్న వాక్యాలు.

అప్పటికి ఆయన కెప్టెన్. ఆయన కింద థామస్ అనే సైనికుడు, తల్లి చావుబతుకుల్లో ఉందని ఉత్తరం తెచ్చి చూపించాడు. రెండు రోజుల్లో వచ్చెయ్ అని నోటిమాటగా పంపించాడు కెప్టెన్. అలా పంపే అధికారం ఆయనకు లేదు. దారిలో కాపలావాళ్ళు థామస్‌ను పట్టుకున్నారు. పటాలం వదిలి పారిపోయినవాడికి శిక్ష మరణం. విచారణలో థామస్ జరిగింది చెప్పాడు. అధికారులు కెప్టెన్‌ను పిలిచి, నువ్వు పంపావా అని అడిగారు. లేదు అన్నాడు.

ఆ కింద ఇలా రాసుకున్నాడు. భయపడ్డాను. నా హోదా తీసేస్తారని భయపడ్డాను. అంతకంటే పెద్ద కారణమేదైనా ఉందేమోనని మూడు వారాలుగా నాలో నేను వెతుకుతున్నాను. లేదు.

థామస్‌ను మంచులో నిలబెట్టి కాల్చారు. కాల్చినవాళ్ళు కెప్టెన్ దళంవాళ్ళే. ఆజ్ఞ ఇచ్చిన గొంతు ఆయనదే. ఆ తరువాత పేజీల్లో వాతావరణం తప్ప ఏమీ లేదు. మంచు. మంచు. కొంచెం ఎండ. మంచు.

నేను పుస్తకం మూసి చాలాసేపు దాని మీదే చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను. తొమ్మిదేళ్ళుగా నేను ధైర్యం అనుకున్నది ఏమిటో అర్థమైంది. ఎవరూ ముట్టని కేసులూ, నిండు సభలో ఆ గంట ఉపన్యాసమూ, అన్నీ ఆ ఒక్క అబద్ధం వెనకాలే నడిచొచ్చాయి.

మార్తా నా ఎదురుగా కూర్చుని ఉంది. ఆమె అన్న మాటలు తెలుగులో చెబుతున్నాను. "మీరు ఉత్తరాల్లో ఆయన్ను దేవుణ్ణి చేసి రాసేవారు. ఫొటోలు పంపితే ఇది మీరొక్కరే కూర్చుని చదవాల్సి వచ్చేది. నేను అలాగే చదివాను. ముప్ఫై ఏళ్ళ వయసులో, ఒక్కదాన్నే. ఇంకొకరికి ఆ గతి పట్టకూడదనుకున్నాను."

ఇది పుస్తకంలో వెయ్యవచ్చా అని అడిగాను. ఆమె పుస్తకం అందుకుని అట్ట నిమిరింది.

"ఆయన దీన్ని దాచాడు గానీ తగలబెట్టలేదు. పొయ్యి ఎప్పుడూ పక్కనే ఉండి ఉంటుంది కదా" అంది.

తిరుగు దారిలో సామ్యేలు ఏదో పాట కూనిరాగం తీస్తున్నాడు. నేను వినడం లేదు. నిన్న గ్యారేజీ గోడ పక్కన నేనన్న మాటే చెవిలో మోగుతోంది.

గదికి వచ్చేసరికి లింబాద్రి బట్టలు ఇస్త్రీ చేసుకుంటున్నాడు. ముందు నా తప్పు ఒప్పుకున్నాను. నిన్న చెప్పింది టీచరు కాదు, పిరికివాడు అన్నాను. తరువాత నోటుపుస్తకంలో ఉన్నదంతా చెప్పాను. ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి విన్నాడు.

"తర్వాతన్న చెప్పిండా సార్, ఎవలకన్న?"

"లేదు. సచ్చేదాక చెప్పలేదు."

"మరి ఎట్ల బతికిండు?"

"పేదోళ్ళ కేసులు వాదించుకుంట బతికిండు."

లింబాద్రి కాసేపు చొక్కా కాలరు సవరిస్తూ కూర్చున్నాడు. "నాకు గంత చదువు లేదు గద సార్, గట్ల బాకీ తీర్చుకునేటందుకు" అన్నాడు.

మళ్ళీ సల్మాబాద్

ఆదివారం ఉదయం ఇద్దరం కంపెనీ ఆఫీసుకు వెళ్ళాం. నేను బయట కూర్చుంటానంటే లింబాద్రి ఒప్పుకోలేదు. రమ్మని అనలేదు గానీ నా సంచీ తన చేతిలోకి తీసుకుని నడిచాడు, నేను వెనకాల నడవక తప్పలేదు. గోడ మీది గడియారం చప్పుడు కూడా పోలీసు బూట్ల చప్పుడులా వినిపించింది.

సేఫ్టీ ఆఫీసరు ఒక మలయాళీ. అతనితో హిందీలో మాట్లాడాలి. సిద్ధంగా టైపు చేసిన కాగితం బల్ల మీద పెట్టి పెన్ను ఇచ్చాడు. లింబాద్రి పెన్ను తీసుకున్నాడు. ఆ క్షణంలో, ఇప్పుడు రాస్తున్నా నాకు చెమట పడుతోంది, అతను సంతకం పెట్టేస్తే బాగుండునని నా లోపల ఒక మూల ఇంకా కోరుకుంటూనే ఉంది. అతను కాగితాన్ని వెనక్కు తోసి, ఖాళీది ఇమ్మన్నాడు.

ఆఫీసరు లేచి వెళ్ళి తలుపు వేశాడు. తెలిసే చేస్తున్నావా భాయ్ అని అడిగాడు. తరువాత నావైపు తిరిగి, ఈయనెవరు అన్నాడు. మా సార్ అన్నాడు లింబాద్రి. ఆఫీసరుకు అర్థం కాలేదేమో, వకీలా అని అడిగాడు. కాదు, చిన్నప్పుడు చదువు చెప్పాను అన్నాను. నా హిందీ తడబడింది.

లింబాద్రి తెలుగులో రాశాడు. ఒక్కో మాటా నేను ఇంగ్లీషులో కింద రాశాను. కూలీ తాడు లేదని రెండుసార్లు చెప్పాడు. నేనే ఎక్కమన్నాను. ముందు నేను చెప్పింది అబద్ధం. మొత్తం ఆరు వాక్యాలు. దానికి ముప్పావు గంట పట్టింది. ఆఫీసరు చదివి, ఇంకోసారి చదివి, ఫైల్లో పెట్టి, "ఖలాస్" అన్నాడు.

ఆ మాటకు అక్కడ ఎన్ని అర్థాలో. పని పూర్తయిందనీ, ఇక వెళ్ళమనీ, నీ పని అయిపోయిందనీ. ఏ అర్థంలో అన్నాడో ఆయన ముఖం చూస్తే తెలియలేదు.

తరువాత జరిగింది ఇక్కడే చెప్పేస్తాను. లింబాద్రిని ఫోర్‌మన్ పని నుంచి తీసేశారు. విచారణ పేరుతో నాలుగుసార్లు పిలిచారు. పిలిచిన ప్రతిసారీ కోరుట్లలో నేను అన్నం మానేశాను. జైలు దాకా పోలేదు. ఇప్పుడు ఇంకో సైటులో మామూలు మేస్త్రీగా ఉన్నాడు. వీసా గడువు అయ్యాక మళ్ళీ ఇస్తారో లేదో తెలియదు. సాయన్నకు రెండో ఆపరేషన్ అక్కడే చేయించారు. ఊరికొచ్చాడు. కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. నా పుస్తకంలో ఆ చలికాలం మొత్తం చేర్చాను.

దవాఖాన

ఆఫీసు నుంచి నేరుగా గదికి వెళ్దామని నేనన్నాను. లింబాద్రి పికప్‌ను ఆసుపత్రి వైపు తిప్పాడు. కాగితం మీద రాయడం ఒకటి, మనిషి ముఖం చూసి చెప్పడం ఇంకొకటి. ఆ రెండో దానికి నేను వారమంతా పడ్డ భయాలన్నీ కలిపినా సరిపోవు.

సాయన్న నలభై ఏళ్ళ బక్కపలచటి మనిషి. కాలికి ఇనుప చట్రం బిగించి ఉంది. మమ్మల్ని చూసి లేవబోయాడు. నేను టీచరునని తెలిసి పడుకునే దండం పెట్టాడు. ఎవరూ అడగకుండానే తన సంగతి చెప్పుకోవడం మొదలుపెట్టాడు. ఆ పొద్దున చాయ్ తాగింది జ్ఞాపకం ఉందట, తరువాత ఆసుపత్రిలో కళ్ళు తెరిచిందే. మధ్యలో ఏమీ లేదు. బెల్టు తగిలించుకోవడం తనే మరిచిపోయానని అందరూ చెబితే తెలిసిందట.

ఇతనికి ఏమీ గుర్తు లేదు. లింబాద్రి చెప్పకపోతే ఈ జన్మకు తెలియదు. ఆ సంగతి లింబాద్రికీ అప్పుడే తెలిసింది. అతను నావైపు ఒకసారి చూశాడు. నేను తల దించుకోలేదు. ఆ వారంలో నేను చేసిన మంచి పని ఏదైనా ఉంటే అదొక్కటే.

"నువ్వు మరువలేదు సాయన్నా" అన్నాడు లింబాద్రి. "తాడు లేదని నన్ను అడిగినవ్. నేనే ఎక్కుమన్న. సంకల ఇరికిచ్చుకున్న అబద్ధం ఇన్ని రోజులు మోసిన. ఇయ్యాల ఆఫీసుల రాసిచ్చొచ్చిన."

సాయన్న కదల్లేదు. కొడతాడేమో, కేకలు పెడతాడేమో, నర్సును పిలుస్తాడేమో అని నేను మంచం కడ్డీ పట్టుకుని నిలబడ్డాను.

"నేను అడిగిన్నా?" అన్నాడు సాయన్న.

"అడిగినవ్. రెండుసార్లు."

సాయన్న గోడ వైపు ముఖం తిప్పుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. లింబాద్రి ముందుకు వంగాడు గానీ తాకే ధైర్యం చాలక ఆగిపోయాడు. క్షమించమని అడగలేదు. ఇటువైపు ఉన్నవాళ్ళం ఆ మాట అడగడానికి వీల్లేని సమయం అది.

చివరికి సాయన్న ఇటు తిరిగి, దిండు కింది నుంచి ఫోన్ తీశాడు. తెర మీద పగులు. నంబరు నొక్కాడు. అవతల అతని భార్య గంగమణి గొంతు. తిన్నవా అని అడుగుతోంది.

"ఇద్దరు పిల్లల తండ్రివి, బెల్టు ఎట్ల మరుస్తవని రోజు ఏడుస్తవు గద" అన్నాడు సాయన్న. "ఇగో, లింబాద్రన్న మాట్లాడ్తడు. ఇను."

ఫోన్ లింబాద్రి వైపు చాపాడు. లింబాద్రి దాన్ని రెండు చేతులా అందుకుని, "చెల్లే" అని మొదలుపెట్టాడు.